150 ఎంఎం ట్రయల్ బండి కొనాలా వద్దా? టైగర్ మౌంటెన్‌లో తిరిగేవాళ్ళు కాస్త చెప్పండి

సియాటిల్_సీను
నమస్తే అందరికీ. మేముండేది ఇస్సాక్వాలో. ఇప్పుడున్న మౌంటెన్ సైకిల్ 120 ఎంఎం ఫోర్క్ హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్), దాంతో డ్యూతీ హిల్ బ్లూ (మధ్యస్తం కష్టం) ట్రయల్స్ బానే అయిపోతున్నాయి గానీ ఈమధ్య ఆఫీస్ గ్యాంగ్‌తో టైగర్ మౌంటెన్ పోతున్నాం, అక్కడ ఆఫ్ ది గ్రిడ్ అనే ట్రయల్‌లోకి దిగామంటే రాళ్ళూ వేర్లూ కలిసి వెనక చక్రాన్ని ఎటు పడితే అటు విసిరేస్తున్నాయి, సగం దిగేసరికి అరచేతులు మొద్దుబారిపోయి బ్రేక్ నొక్కుతున్నానో లేదో కూడా తెలీట్లేదు. ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా ఉండేది) కొనాలని డిసైడ్ అయిపోయా, ఇంట్లో పర్మిషన్ కూడా వచ్చేసింది (ఎలా వచ్చిందని అడక్కండి).

బడ్జెట్ 4500 డాలర్లు, కొంచెం అటూ ఇటూ. చూస్తున్నవి ట్రాన్సిషన్ సెంటినెల్ అల్యూమినియంది, స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ 15, సాంటా క్రూజ్ హైటవర్, ఐబిస్ రిప్మో. స్టంప్‌జంపర్ ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం) వెనక 145 ఎంఎం ముందు 150, మిగతా మూడూ వెనక 150 ముందు 160. నా హైటు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 84 కిలోలు. నా డౌటు ఒకటే, ఎక్కేటప్పుడు ఇంత ట్రావెల్ ఉన్న బండిని మోసుకుపోవడం నరకం అవుతుందా?

చిత్తూరు_చిన్నోడు
వద్దు సామీ. 130 చాలు. నేను బే ఏరియాలో ఉండా, డెమో ఫారెస్ట్‌లో ఫ్లో ట్రయల్, బ్రెయిల్ అనే ట్రయల్సన్నీ 130 బండితోనే దిగతాండా. ఎక్కువ ట్రావెల్ తీసుకుంటే బండి తప్పులన్నీ మింగేస్తాది, నువ్వు లైన్ చూసి పోయేది నేర్చుకోవు, గుద్దుకుంటా పోతావు అంతే. వారం వారం రెండు వేల అడుగులు ఎక్కేది నీ కాళ్ళే గదా, ఫ్యాక్టరీ వాడి కాళ్ళు కాదు. ముందు హార్డ్‌టెయిల్‌కే మంచి టైర్లెయ్యి, ఆ తర్వాత చూస్తాం.

పెడల్_పోరడు
చిన్నోడన్నా గా లెక్కన అందరం హార్డ్‌టెయిల్ మీదనే సచ్చేదాంక ఉండాలె ఇగ. సీను భయ్యా, పైసలు పెట్టేదే ఉంటే 170 ఎండ్యూరో బండి (పెద్ద దిగుళ్ళ కోసం చేసేది) తీస్కో, ఎండకాలంల స్టీవెన్స్ పాస్, కెనడాల విస్లర్ బైక్ పార్కులన్నీ దాంతోనే అయితయి. మస్తుంటది. బండి చిన్నగున్నదని మల్ల ఏడాదికి అమ్ముకునుడెందుకు?

బెల్లింగ్‌హామ్_బావ
ఇద్దరూ సొంత కొండల్ని బట్టి మాట్లాడుతున్నారు, అందుకే ఇద్దరూ కరక్టే.

సీనూ, టైగర్ ఎలా ఉంటుందో నీకు తెలుసు. పైకి వెళ్ళేది చాలావరకు కంకర రోడ్డు, కూర్చుని చిన్న గేర్‌లో తొక్కుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ పోవడమే. అక్కడ 150కీ 130కీ ఉండే తేడా ఓ కిలో, కిలోన్నర బరువు, దానికన్నా ఎక్కువ తేడా టైర్ల దగ్గరొస్తుంది (జిగురు రబ్బరున్న టైరు రోడ్డుని వదలదు). దిగేది మాత్రం నిట్టనిలువు, రాళ్ళు, తడి వేర్లు. అంటే ఎక్కడంలో పోయేది కొంచెం, దిగడంలో వచ్చేది చాలా. ఇలాంటి చోటికే ఈ 150/160 బళ్ళు పుట్టాయి, సెంటినెల్ చేసే ట్రాన్సిషన్ వాళ్ళది మా బెల్లింగ్‌హామే, మా గాల్‌బ్రెయిత్ కొండ వాళ్ళ పెరడు కిందే లెక్క.

అదే నువ్వు ఎక్కువగా తిరిగేది గ్రాండ్ రిడ్జ్ లాంటి చోటనుకో, అంటే పది నిమిషాలు పైకి ఐదు నిమిషాలు కిందికి, చిన్న చిన్న మలుపులు, అప్పుడు చిన్నోడు చెప్పిన 130నే కొను, హాయిగా ఉంటుంది. మామూలు శనివారం నువ్వెక్కడ తొక్కుతావో దానికి కొనుక్కో. విస్లర్ ఏడాదికోసారి వస్తుంది, దానికోసం 170 బండిని ఏడాదంతా లాక్కెళ్ళక్కర్లేదు పోరడా, అక్కడికెళ్తే అద్దెకి డౌన్‌హిల్ బండి ఇస్తారు.

ఎక్కడం నరకమా అంటే, పాత రోజుల్లో అయితే అవును. ఇప్పటి బళ్ళలో సీటు ట్యూబు నిటారుగా, 76, 77 డిగ్రీల దగ్గర పెడుతున్నారు, నువ్వు పెడల్స్‌కి నేరుగా పైన కూర్చుంటావు కాబట్టి నిటారు ఎక్కుడులో ముందు చక్రం లేచిపోదు, వెనక సస్పెన్షన్ కూర్చుండిపోదు. నీ పాత హార్డ్‌టెయిల్ కన్నా స్లోగా ఎక్కుతావు, కానీ సుఖంగా ఎక్కుతావు.

చిత్తూరు_చిన్నోడు
బావా కంకర రోడ్డు మాట ఒప్పుకుంటా. కానీ "సుఖంగా" అనేది 16 కిలోల బండిని జనం ముందర గేటు మీద నుంచి ఎత్తి అవతల దించినాక చెప్పు.

సమ్మామిష్_అక్క
ట్రావెల్ గురించి కొట్టుకోవడం తర్వాత, సైజు గురించి ఎవరూ మాట్లాడరేంటి? నేను డ్యూతీలో పిల్లలతోనూ కొత్తగా వచ్చే ఆడవాళ్ళతోనూ తిరుగుతుంటా, అక్కడ చూసేవాళ్ళలో సగం మంది కష్టం సస్పెన్షన్ వల్ల కాదు, బండి పొడుగు వల్ల. ఇప్పటి ఫ్రేముల్లో రీచ్ (పెడల్స్ నుంచి హ్యాండిల్ వైపు ఫ్రేము పొడుగు) పెరిగిపోయింది, పాత బండి లార్జ్ కదా అని ఇక్కడా లార్జ్ కొట్టేస్తే కొన్నిట్లో చేతులు చాపుకుని తొక్కాల్సి వస్తుంది. సీను గారి హైటుకి కొన్నిట్లో మీడియం, లార్జ్ రెండూ సరిపోతాయి. పార్కింగ్ లాట్‌లో కాదు, ట్రయల్ మీద తొక్కి చూడండి. మలుపుల్లో ముందు చక్రం మీద బరువు వెయ్యగలుగుతున్నారా అన్నది చూడండి, వెయ్యలేకపోతే ఒక సైజు దిగండి.

ఇంకోటి, డ్రాపర్ పోస్ట్ (మీట నొక్కితే సీటుని కిందికి దించేది) ఎంత దిగుతుందో అడగండి. మీ కాళ్ళ పొడుగుకి 180 నుంచి 200 ఎంఎం పడుతుంది. సీటు పూర్తిగా దారిలోంచి తప్పుకుంటే ఉండే ధైర్యం ఇంకో 20 ఎంఎం సస్పెన్షన్ ఇవ్వదు.

బ్రేకులు కూడా. నాలుగు పిస్టన్లు, 200 ఎంఎం రోటర్ (బ్రేక్ డిస్క్) కనీసం ముందైనా. 84 కిలోల మనిషి, 16 కిలోల బండి, బ్యాగు, నీళ్ళు, అన్నీ కలిపి వంద దాటుతుంది, దాన్ని టైగర్‌లో ప్రిడేటర్ లాంటి ట్రయల్‌లో రెండు పిస్టన్ల బ్రేకుతో ఆపడం అయ్యే పని కాదు.

టార్క్_రెంచ్
ధర గురించి ఒక ముక్క. కోవిడ్‌లో బళ్ళు దొరక్క కంపెనీలన్నీ ఇష్టమొచ్చినట్టు ఆర్డర్లు పెట్టాయి, అవన్నీ వచ్చేసరికి కొనేవాడు లేడు, 2023 నుంచి గోడౌన్లు నిండిపోయాయి. 2023 చివర్లో కోనా కంపెనీ ఒకటి కొంటే ఇంకోటి ఫ్రీ అని బళ్ళు అమ్మింది, చీరల షాపులో ఆషాఢం సేలు అనుకున్నారు జనం. 2024లో ఆ కంపెనీని మళ్ళీ పాత ఫౌండర్లే కొనుక్కున్నారు. చెప్పొచ్చేదేంటంటే పోయినేడాది మోడల్ కోసం నాలుగు షాపులు తిరగండి, స్టిక్కర్ ధరకి కొనకండి.

ఫ్రేములో యూడీహెచ్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) ఉందో లేదో చూసుకోండి. 2019లో పార్టులు చేసే శ్రామ్ కంపెనీ తెచ్చిన స్టాండర్డ్ అది, ఇప్పుడు చాలా కంపెనీలు వాడుతున్నాయి, డిరెయిలర్ హ్యాంగర్ వంగితే ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. పైగా రేపెప్పుడైనా శ్రామ్ ట్రాన్స్‌మిషన్ గేర్ సెట్టు వేసుకోవాలన్నా అది ఉండాల్సిందే.

సెకండ్ హ్యాండ్ అయితే లింకేజీ బేరింగులు, డౌన్ ట్యూబ్ కింద రాయి దెబ్బలు, షాక్, ఫోర్క్‌ల మెరిసే గొట్టాల మీద గీతలు చూసుకోండి. గోరు పెట్టి రాస్తే గీత తగిలిందంటే వదిలెయ్యండి.

అనంతగిరి_హార్డ్‌టెయిల్
అన్నా మధ్యల దూరుతున్న, ఏమనుకోకండ్రి. మాది హైదరాబాద్, వికారాబాద్ దిక్కు అనంతగిరి గుట్టలల్ల, ఇక్కడ ఖాజాగూడ రాళ్ళల్ల తొక్కుతుంటం. యూట్యూబుల మీరు చెప్పే బళ్ళు జూసి నాక్కూడ పెద్ద ట్రావెల్ బండి మీద మనసైంది. మా బావ డాలస్ నుంచి వస్తుండు, ఫ్రేమ్ తెప్పిచ్చుకొని ఇక్కడ బిల్డ్ చేస్కోవచ్చా?

పెడల్_పోరడు
ఓ హైదరాబాదోడు దొరికిండు! తెప్పిచ్చుకో తమ్మీ, ఎయిర్‌పోర్టుల కస్టమ్స్ సారు అడిగితే సైకిలే గద సార్ అను.

బెల్లింగ్‌హామ్_బావ
తమ్ముడూ పోరడి మాట వినకు, కస్టమ్స్ దగ్గర బావగారు ఇరుక్కుంటారు.

అనంతగిరిలో ఎర్రమట్టి, గులకరాళ్ళు, పెద్ద ఎత్తు లేదు, ఎక్కుడూ దిగుడూ చిన్న చిన్నవే. అక్కడ 150 బండి నీకు బరువే. అన్నిటికంటే పెద్ద తలనొప్పి సర్వీసు, ఎయిర్ షాక్ లోపల సీలు పోతే పార్ట్‌లు ఎక్కణ్ణుంచి తెస్తావు, డ్యాంపర్ బ్లీడ్ చేసే (షాక్ లోపలి ఆయిల్లో గాలి తీసే) మనిషి నీ ఊళ్ళో ఎవరు? 120 లేదా 130 ఎయిర్ ఫోర్క్ ఉన్న హార్డ్‌టెయిల్, 2.4 సైజు ట్యూబ్‌లెస్ టైర్లు, డ్రాపర్. బావగారితో తెప్పించుకోవాలనుకుంటే షాక్ పంపు, సీలెంట్, బ్రేక్ ప్యాడ్లు తెప్పించుకో, సూట్‌కేసులో పడతాయి. హిమాచల్‌లో 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ రేసులో కూడా చాలామంది హార్డ్‌టెయిల్సే తొక్కారు.

అనంతగిరి_హార్డ్‌టెయిల్
సమజైంది అన్నా. టైర్లకే పెడత పైసలు. ముండ్లు మస్తుంటయి ఇక్కడ, తుమ్మ ముల్లు గుచ్చుకుంటె ట్యూబు ఖతం.

సియాటిల్_సీను
కొనేశా!!! పోయినేడాది సెంటినెల్ అల్యూమినియం, లార్జ్, డిస్కౌంట్‌లో. మీడియం, లార్జ్ రెండూ తొక్కి చూశా అక్కా, నాకు లార్జే కుదిరింది. టైర్లు ముందు మ్యాక్సిస్ అసెగై, వెనక డీహెచ్‌ఆర్ 2. ఆరెంజ్ రంగు చూసి మా ఆవిడ "పార్కింగ్‌లో కనపడకుండా పోయే ప్రమాదమైతే లేదు" అంది.

నిన్న టైగర్ ఎక్కాం. బావా నువ్వన్నది నిజం, స్లోగా కానీ నడుం నొప్పి లేకుండా ఎక్కేశా. దిగేటప్పుడు మాత్రం అనుకున్నంత మెత్తగా లేదు, వెనక బానే ఉంది కానీ ముందు ఫోర్క్ చిన్న రాళ్ళ మీద టకటకా కొడుతోంది, చేతులు పాత బండిలాగే నొప్పి. ఇంకోటి, ఫ్లాట్‌గా ఉండే మలుపుల్లో ముందు చక్రం జారిపోతోంది. 160 ఎంఎం ఉండి ఇదేంటి?

టార్క్_రెంచ్
శ్యాగ్ (నువ్వెక్కి నిలబడితే సస్పెన్షన్ కుంగేది) ఎంత? ఫోర్క్ ప్రెషరెంత? టైర్లలో గాలెంత? రీబౌండ్ (కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగం) ఎన్ని క్లిక్కులు? ఇవి చెప్పకుండా "మెత్తగా లేదు" అంటే ఎవరూ ఏం చెప్పలేరు.

సియాటిల్_సీను
షాపులో సెట్ చేసిచ్చారు, టైర్లలో మాత్రం 32 పీఎస్‌ఐ ఉంది ఇప్పుడు చూస్తే. రీబౌండ్ పూర్తిగా మూసిన దగ్గర్నుంచి 3 క్లిక్కులు.

బెల్లింగ్‌హామ్_బావ
దొరికింది దొంగ. 32 పీఎస్‌ఐ ట్యూబ్‌లెస్‌కి చాలా ఎక్కువ. నీ బరువుకి ముందు 22, వెనక 25తో మొదలెట్టు. వెనక రిమ్ము రాళ్ళకి కొట్టుకున్న సౌండ్ వస్తే ఒకటి పెంచు. చిన్న చిన్న గులకరాళ్ళ కంపనం మొదట తీసుకునేది టైరే, ఫోర్క్ తర్వాత.

రీబౌండ్ 3 క్లిక్కులంటే బాగా స్లో. ఒక రాయికి ఫోర్క్ కుంగి, తిరిగి లేచేలోపే రెండో రాయి తగులుతుంది, మూడోది, నాలుగోది, అలా కిందికి కుంగిపోతూ చివరికి నువ్వు 160లో 60 ఎంఎం మీద తొక్కుతుంటావు. అందుకే గట్టిగా ఉన్నట్టుంది. 2 క్లిక్కులు తెరువు, ఒకే ముక్క ట్రయల్ మళ్ళీ దిగు, ఇంకో 2 తెరువు, మళ్ళీ దిగు. ముందు భాగం గంగిరెద్దు తలాడించినట్టు ఎగిరెగిరి పడుతోందనిపిస్తే ఒకటి వెనక్కి.

ఇదంతా శ్యాగ్ కుదిరాక. హెల్మెట్, నీళ్ళ బ్యాగు, షూస్ అన్నీ వేసుకుని, క్లైంబ్ స్విచ్ ఓపెన్‌లో పెట్టి, గోడ పట్టుకుని పెడల్స్ మీద నిలబడి దిగేటప్పటి పొజిషన్‌లోకి రా. రెండుసార్లు బౌన్స్ చెయ్యి, ఓ-రింగ్‌ని (ఎంత కుంగిందో చూపే రబ్బరు రింగు) సీలు దాకా తోసి మెల్లగా దిగు. వెనక 28 నుంచి 30 శాతం. షాక్ స్ట్రోక్ 60 ఎంఎం అయితే 18 దగ్గర ఆగాలన్నమాట. ముందు 160 ఫోర్క్‌కి 15 నుంచి 20 శాతం, అంటే 24 నుంచి 32 ఎంఎం. గాలి కొట్టినప్పుడల్లా ఫోర్క్‌ని ఓ పదిసార్లు మెల్లగా నొక్కు, లోపలి రెండు గదులూ సమం కావాలి, అది చెయ్యకపోతే పంపు మీద నంబరు అబద్ధం చెప్తుంది.

చిత్తూరు_చిన్నోడు
శ్యాగ్ కరెక్టుగా ఉండి కూడా ప్రతి జంపుకీ ఓ-రింగు చివరిదాకా పోతాంటే గాలి పెంచబాకు, లోపల టోకెన్ (గాలి గదిని చిన్నది చేసే ప్లాస్టిక్ ముక్క) ఒకటెయ్యి. గాలి పెంచితే మొదట్లోనే గట్టి పడతాది, టోకెన్ అయితే చివర్లో మాత్రం గట్టి పడతాది. అదేమాదిరి పోయి పోయి సగం ట్రావెలే వాడతాంటే టోకెన్ తీసెయ్.

సమ్మామిష్_అక్క
ముందు చక్రం జారడం గురించి నేను చెప్తా, అది గాలి వల్ల సగం, మీ వల్ల సగం. ఈ బళ్ళకి హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ వాలు) 64 డిగ్రీల దగ్గరుంటుంది, మీ పాత హార్డ్‌టెయిల్‌కి 67, 68 ఉండుంటుంది. ముందు చక్రం మీకు చాలా దూరంగా ముందుకెళ్ళిపోయింది. హార్డ్‌టెయిల్‌లో భయమేస్తే వెనక్కి కూర్చునే అలవాటు అందరికీ ఉంటుంది, ఇక్కడ వెనక్కి కూర్చున్నారో ముందు టైరు మీద బరువుండదు, జారుతుంది. మోచేతులు బయటికి పెట్టి, గడ్డం స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచేది) మీదికి తెచ్చి, మలుపులో బయటి కాలు కిందికి తొక్కి బండిని లోపలికి వంచండి, మీరు కాదు, బండి వంగాలి. మొదట్లో తల ముందుకు పెట్టి దిగడం పిచ్చితనంలా ఉంటుంది. డ్యూతీలో బెర్మ్ (మలుపు బయట మట్టి గట్టు) లేని మలుపులు చూసుకుని స్లోగా ప్రాక్టీస్ చెయ్యండి.

బండి పొడుగు కాబట్టి హెయిర్‌పిన్‌లో బయటి అంచు దాకా వెళ్ళి తిప్పండి, లోపలి నుంచి తిప్పితే రాదు.

పెడల్_పోరడు
అక్కా నీ క్లాసుకు మేము గూడ రావచ్చా? నాది కూడ గదే ప్రాబ్లం, నేను మాత్రం టైరు మీద నెట్టేస్తున్న ఇన్నిరోజులు.

సమ్మామిష్_అక్క
రండి. కానీ ఫుల్‌ఫేస్ హెల్మెట్ వేసుకుని పదేళ్ళ పిల్లల వెనక తొక్కాలి, వాళ్ళు మిమ్మల్ని దాటేసి పోతారు, అలగకూడదు.

సియాటిల్_సీను
అప్‌డేట్. టైర్లు 22/25, రీబౌండ్ 8 దగ్గర ఆగింది, ఫోర్క్‌లో గాలి కూడా కొంచెం తీశా. అదే ఆఫ్ ది గ్రిడ్ మొత్తం ఆగకుండా దిగా. చేతులు నొప్పి ఉంది గానీ అది తొక్కిన నొప్పి. రాళ్ళ మీద ఇదివరకు లైన్ వెతుక్కునేవాణ్ణి, ఇప్పుడు పక్క లైన్‌లోకి జారినా బండి పట్టించుకోదు, అది చూసే చిన్నోడన్న భయం నాకర్థమైంది, నిజంగానే గుద్దుకుంటూ పోవాలనిపిస్తోంది. తడి వేర్ల మీద మాత్రం ఇంకా గుండె దడ.

చిత్తూరు_చిన్నోడు
చెప్పలా! వారానికో తూరి హార్డ్‌టెయిల్ కూడా తొక్కు, అమ్మబాకు దాన్ని.

బెల్లింగ్‌హామ్_బావ
తడి వేర్లకి బండి మందు కాదు. వేరుకి అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటాలి, దాని మీద ఉన్నంతసేపూ బ్రేక్ వేలు వదిలెయ్యాలి, బ్రేక్ పని అంతా వేరుకి ముందే అయిపోవాలి. వేరు వాలుగా పడి ఉంటే ముందు చక్రాన్ని కొంచెం తేలిక చేసి దాటించు, వెనకది దానంతటదే వస్తుంది, జారినా పడవు. ముందు టైరు మ్యాక్స్‌గ్రిప్ (బాగా జిగురు) రబ్బరుదైతే వానాకాలమంతా ఉంచు, తొందరగా అరుగుతుంది కానీ మన వైపు వానలకి అదే.

టార్క్_రెంచ్
కొత్త బండి తొలి రైడ్ల తర్వాత పివోట్ (వెనక సస్పెన్షన్ కీళ్ళ) బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి, నంబరు ఫ్రేమ్ మీదో కంపెనీ సైట్‌లోనో ఉంటుంది, బలం కొద్దీ బిగించొద్దు. స్పోకులు కూడా. బ్రేకులు బెడ్-ఇన్ (కొత్త ప్యాడ్లు రోటర్‌కి కుదిరేలా అరగదియ్యడం) చేశారా? ఖాళీ రోడ్డు మీద మధ్యస్తం స్పీడుకెళ్ళి, చక్రం లాక్ కాకుండా నడక స్పీడుకి తెచ్చి వదిలెయ్యడం, ఒక్కో బ్రేకుకి ఇరవైసార్లు. చెయ్యకపోతే కూత పెడుతూనే ఉంటాయి.

రాక్‌షాక్స్ ఫోర్క్ అయితే 50 గంటలకి లోయర్స్ (ఫోర్క్ కింది భాగం) సర్వీసు, ఆయిల్ మార్చి ఫోమ్ రింగులు తడపడం. గంటకి డబ్బులడిగే షాపుకన్నా ఇంట్లో గ్యారేజీలో చేసుకోవచ్చు.

సియాటిల్_సీను
థాంక్స్ రెంచ్ గారూ, బెడ్-ఇన్ ఇవాళ సాయంత్రం. ఇంకో డౌటు, ఎండాకాలం విస్లర్ అంటున్నారుగా గ్యాంగ్ అంతా, ఈ బండి చాలా? అద్దెకి తీసుకోవాలా?

బెల్లింగ్‌హామ్_బావ
అక్కడి బీ-లైన్, ఎ-లైన్ లాంటి ఫ్లో, జంప్ ట్రయల్స్‌కి నీ బండి బంగారం. లిఫ్ట్ ఎక్కుతూ రోజంతా దిగుతావు కాబట్టి వెనక టైరు మందం కేసింగ్‌ది వెయ్యి, కనీసం మ్యాక్సిస్ డబుల్‌డౌన్ కేసింగ్ అయినా ఉండాలి, ప్యాడ్లు కొత్తవి పెట్టుకో, స్పేర్ ఇంకో సెట్టు బ్యాగులో. మధ్యాహ్నానికి బ్రేకింగ్ బంప్స్ (అందరూ బ్రేకులేసే చోట పడే గతుకులు) పడి చేతులు ఊడిపోతాయి, అప్పుడు ఎవరి బండైనా ఒకటే.

బండి కన్నా ముందు కాగితాలు చూసుకోండి. మన పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. పోయినసారి మా కార్లో బళ్ళన్నీ రెడీ, మనుషుల్లో ఒకడికి వీసా రాలేదు, వాడి బండి మాత్రం విస్లర్ చూసొచ్చింది.

పెడల్_పోరడు
😂😂 గా బండి పాస్‌పోర్ట్ గట్టిది.

శనివారం టైగర్ ఎవరెవరు? పొద్దున 8కి హైవే 18 సమ్మిట్ పార్కింగ్ కాడ కలుద్దాం, అక్కడ నిండితే రేజింగ్ రివర్ దిక్కు పెడుదాం. డిస్కవర్ పాస్ (ఇక్కడ పార్కింగ్‌కి కావాల్సిన వాషింగ్టన్ రాష్ట్రం పాస్) లేనోళ్ళు ముందే తీస్కోండ్రి, మొన్న ఒకరి కారుకు టికెట్ పెట్టిండ్రు.

సమ్మామిష్_అక్క
నేను వస్తా, ఇద్దరు పిల్లలు కూడా. పులిహోర తెస్తున్నా, స్పూన్లు ఎవరైనా తెండి.

సియాటిల్_సీను
నేనూ. రాక్ మీద ఇంకో బండికి చోటుంది, ఇస్సాక్వా నుంచి ఎవరైనా ఉంటే చెప్పండి. వాన అంటున్నారు కదా, అయినా వెళ్తున్నామా?

టార్క్_రెంచ్
ఇది వాషింగ్టన్. వెళ్తున్నాం. వెనక మడ్‌గార్డ్ పెట్టుకుని రండి, మీ వెనక వచ్చేది నేనే.